పర్మిట్ సరే, కాదనే హక్కు ఎవరిది?

ఊరేగింపుకి పర్మిట్ తీసుకోవాలంటే మనవాళ్లలో చాలామందికి చిరాకు. "మాట్లాడే స్వేచ్ఛ ఉన్న దేశమంటారు, మళ్లీ ఈ దరఖాస్తులేంటి?" అంటారు. నాకు దరఖాస్తుతో పేచీ లేదు. దాన్ని చూసే అధికారి చేతికి ఎంత పగ్గం వదిలారన్నదే నా గొడవ.

వీధులు, పార్కులు జనం కలిసి మాట్లాడుకునే చోట్లని అమెరికా సుప్రీంకోర్టు 1939లోనే అంది. ఎప్పుడు, ఎక్కడ, ఎంత శబ్దంతో అన్నది ప్రభుత్వం నిర్ణయించొచ్చు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో కచేరీలకు సౌండ్ సిస్టమ్‌నీ, దాన్ని నడిపే మనిషినీ మేమే పెడతామని నగరం అంటే, 1989లో కోర్టు సరేనంది. న్యాయమే, చుట్టుపక్కల వాళ్ల చెవులూ చెవులే కదా. వాల్యూమ్ తగ్గించమనొచ్చు, పాట మార్చమనకూడదు.

జార్జియాలోని ఫోర్సైత్ కౌంటీ కేసు ఇంకా ఆసక్తికరం. మార్టిన్ లూథర్ కింగ్ పేరిట సెలవు వద్దంటూ ఒక సంస్థ సభ పెడతానంది. దరఖాస్తు చూసినందుకు 100 డాలర్లు కట్టమంది కౌంటీ. రూలు ప్రకారం రోజుకి 1,000 డాలర్ల దాకా అడగొచ్చు. ఎంతన్నది అధికారి ఇష్టం, బందోబస్తు ఖర్చు కూడా లెక్కేసుకోవచ్చు. 1992లో సుప్రీంకోర్టు ఆ రూలు చెల్లదంది, అదీ 5-4 తేడాతో. ఆ సంస్థ మాటలు నాకు అస్సలు గిట్టవు. అయినా తీర్పు సరైనదే. వినేవాళ్ల కోపాన్ని బట్టి ఫీజు వేస్తే, రాయి పట్టుకొచ్చినవాడే మాట్లాడేవాడి బిల్లు పెంచేస్తాడు.

ఇండియాలో ఆయుధాల్లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు 19వ అధికరణంలోనే ఉంది. దానికి తోడు, గుంపుగా చేరొద్దని అధికారులు ఆంక్షలు పెట్టేందుకు వాడే 144 సెక్షనూ ఉండేది. 2024 జులైలో వచ్చిన కొత్త చట్టంలో దాని నంబరు 163. ఢిల్లీలో రోడ్డు మీద సాగిన షాహీన్‌బాగ్ నిరసన కేసులో 2020లో మన సుప్రీంకోర్టు, రోడ్లను నిరవధికంగా ఆక్రమించకూడదని, నిరసనలు కేటాయించిన చోటే చేసుకోవాలని చెప్పింది. అంబులెన్సు దారి గురించి ఆలోచిస్తే మొదటి మాట కాదనలేను. మరి కేటాయించిన చోటు సంగతి? హైదరాబాద్‌లో ఇందిరా పార్కు దగ్గర ధర్నా చౌక్ అలాంటిదే. 2017లో ప్రభుత్వం దాన్నీ మూసేసింది. మళ్లీ అక్కడ ధర్నా చేసుకోవడానికి జనం హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.