సవరణ: పీఎస్‌ఏ పరీక్ష, 21 శాతం లెక్క

ప్రొస్టేట్ క్యాన్సర్ పోస్టులో ‘పీఎస్‌ఏ పరీక్షతో మరణాలు 21 శాతం తగ్గుతాయి’ అని ఉంది. పీఎస్‌ఏ అంటే ప్రొస్టేట్ గ్రంథి తయారుచేసే ప్రొటీన్, దాన్ని రక్తపరీక్షలో కొలుస్తారు. ఆ 21 శాతం ఐరోపా ట్రయల్‌లో 13 ఏళ్లకు తేలిన సాపేక్ష తగ్గుదల, అంటే పరీక్షకు పిలవనివాళ్లతో పోలిస్తే తగ్గినది. మనుషుల లెక్కన చూస్తే, 781 మందిని పరీక్షకు పిలిస్తే ఆ క్యాన్సర్ మరణం ఒకటి తప్పింది, 27 మందికి అదనంగా క్యాన్సర్ బయటపడింది. వీళ్లలో చాలామందిని అది జీవితాంతం ఇబ్బంది పెట్టేది కాదు. ఆపరేషన్ చేయించుకుంటే మాత్రం మూత్రం ఆగకపోవడం, అంగస్తంభన సమస్యలు రావచ్చు. హెల్త్ చెకప్ ప్యాకేజీల బ్రోచర్లలో ఈ సంగతి సాధారణంగా కనపడదు.

ప్రొస్టేట్ పెరిగినప్పుడు ఇచ్చే ఫినాస్టెరైడ్ మందు ఆరు నెలలకు పైగా వాడేవాళ్లలో పీఎస్‌ఏ రీడింగ్ దాదాపు సగానికి పడిపోతుంది. 2.5 వస్తే 5 అనుకోవాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే ఉత్తపుణ్యానికి పెరుగుతుంది, అది తగ్గిన ఆరు వారాలకు చేయించాలి. ఒక్క రీడింగ్‌కే బయాప్సీ వద్దు. మళ్లీ పరీక్ష, అప్పుడూ ఎక్కువుంటే ముందు ఎంఆర్‌ఐ.