అంబాసిడరా, ఫియటా? ఇవాళ తేలిపోవాలి!

అరవై దాటిన ఇద్దరు మగాళ్లు పెళ్లిలో పక్కపక్కన కూర్చున్నారంటే చాలు, దేశంలో ఇంకే సమస్యా మిగలనట్టు అంబాసిడర్ గొప్పదా, ఫియట్ గొప్పదా అని మొదలెడతారు. మా మావయ్యది అంబాసిడర్ పార్టీ, పెదనాన్నది ఫియట్ పార్టీ.

"మీ ఫియట్ ఇంజన్ 1089 సీసీ బావగారూ, స్కూటర్‌కి ఇంకో రెండు చక్రాలు తగిలించినట్టు!"

"మీకు 1489 ఉండి ఏం లాభం బావగారూ? దాని ఒళ్లు అది మోసుకోవడానికే సరిపోయింది."

ఈలోగా తలంబ్రాలు అయిపోతాయి.

సరే, ఎవరి పక్షమూ పట్టకుండా నేనే శాస్త్రీయంగా తేల్చేస్తాను. అంబాసిడర్ ఇంగ్లండ్‌లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌గా పుట్టి బెంగాల్‌లోని ఉత్తర్‌పరాలో స్థిరపడింది. రెండోది ఇటలీ ఫియట్ 1100. బొంబాయి కుర్లాలో తయారై, 1974లో ప్రీమియర్ పద్మిని అయింది. మనవాళ్లు మాత్రం ఫియట్ అనడం మానలేదు. రెండిటికీ నాలుగు గేర్లే, గేర్ రాడ్ స్టీరింగ్ పక్కనే. ఇక టాప్ స్పీడ్ సంగతి అనవసరం, అప్పటి మన రోడ్ల మీద దాన్ని చూసినవాడెవడు?

అసలు పరీక్ష మే నెలలో తిరుమల ఘాట్ రోడ్డు. అంబాసిడర్‌లో ముందు నలుగురు, వెనక ఆరుగురు, డిక్కీలో పులిహోర. డ్రైవర్ సగం డోర్ బయటే ఉంటాడు. నాలుగు మలుపులు తిరిగేసరికి రేడియేటర్ ఈల వేస్తుంది. బండి ఆగీ ఆగకముందే అందరికంటే చిన్నవాడు దూకి వెనక టైరు కింద రాయి పెట్టాలి. హ్యాండ్ బ్రేక్ లేదని కాదు, దాన్ని నమ్మేవాడు లేడు. డ్రైవర్ తువ్వాలు చుట్టుకున్న చేత్తో మూత తిప్పుతుంటే బంధువర్గమంతా పది అడుగులు వెనక్కి. అంతలో ఫియట్ వచ్చి పక్కనే ఆగుతుంది. దానిది వేరే జబ్బు, వేడికి పెట్రోల్ ఆవిరైపోయి ఇంజన్‌కి అందదు. బామ్మ తుండుగుడ్డ తడిపి పెట్రోల్ పంపుకి చుట్టాలి. అంబాసిడర్‌కి రెండు బిందెల నీళ్లు, ఫియట్‌కి ఒక్క తడిగుడ్డ. మైలేజీలో ఫియట్‌దే గెలుపు! తర్వాత అందరూ గోవిందా అంటూ తోస్తారు. ఈ హార్స్ పవర్‌ని కంపెనీవాళ్లు లెక్కలో కలిపారో లేదో.

ఇంత పోట్లాడుకునే ఈ పెద్దమనుషులు ఒక్కమాట చెప్పరు. వాళ్లు ఆ కార్లని ఎంచుకోలేదు. ఎన్ని కార్లు తయారవ్వాలో లైసెన్సు ఇచ్చి సర్కారు చెప్పేది. జనం ముందే డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లు. ఏది ముందు చేతికొస్తే అదే అభిమాన కారు! కొనేవాడికి వేరే గతి లేనప్పుడు మార్పు దేనికి? డ్రమ్ బ్రేకులు అలాగే, సీటు బెల్టుల ఊసే లేదు. 1983 డిసెంబర్‌లో మారుతి 800 దిగాక గానీ ఈ రెండు కంపెనీలకి చెమటలు పట్టలేదు. అంబాసిడర్‌కి జపాన్‌వాళ్ల ఇసుజు ఇంజన్ పెట్టింది 90ల్లో! అప్పటిదాకా ఏం చేశారయ్యా? "రేకు ఎంత గట్టిదో" అని ఇప్పటికీ మురిసిపోతారు. రేకు గట్టిదే, లోపల కూర్చున్న మనిషి గట్టివాడా? గుద్దుకున్నప్పుడు ఆ స్టీరింగ్ రాడ్ ఎవరి గుండెల్లోకి వచ్చేది?

2014లో ఉత్తర్‌పరా ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు మావయ్య కళ్లు తుడుచుకున్నారు. పని పోయిన కార్మికుల కోసం కాబోలు అనుకున్నాను. కాదట, ఇక స్పేర్ పార్టులు దొరకవని!