మహారాజశ్రీ ఎనిమిది కోర్ల ప్రాసెసర్ గారికి

తిరుపతి నుంచి ఒక రీసెర్చ్ స్కాలర్ నమస్కరించి రాసుకునే విన్నపం. ఇక్కడ మేం క్షేమం. తమరి క్షేమం ఫ్యాన్ రొద వల్ల తెలుస్తూనే ఉంది.

తమరి డబ్బా మీద 8 కోర్లు, 16 థ్రెడ్లు అని ఉంటే, పదహారు మంది పనివాళ్ళు వచ్చారనుకుని మా గైడ్ గారు మురిసిపోయారు. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానను కంప్యూటర్ మోడల్‌లో మళ్ళీ కురిపించాలని, పనిని పదహారు ముక్కలు చేసి తమ ముందు పెట్టాను. అన్ని స్లాట్లు (పనికి చోట్లు) లేవు పొమ్మంది, కోర్లకు పని పంచి పెట్టే సాఫ్ట్‌వేర్ ఓపెన్ ఎంపీఐ. తీరా చూస్తే కోర్లు ఎనిమిదే. ఒక్కో కోరుకు రెండేసి పేర్లు పెట్టుకున్నారు, అంతే.

సరే, ఎనిమిదే కానిమ్మన్నాను. ల్యాబ్‌లో ఓపెన్ ఎంపీఐ, అదే పని చేసే ఎంపిచ్ రెండూ కాపురం ఉన్నాయి. ఒకదానితో కంపైలైన ప్రోగ్రామ్ రెండోదాని చేతిలో పడింది. ఇంకేముంది, స్క్రీన్ మీద ఎనిమిది సార్లు ఒకే మాట: "నేను ర్యాంక్ 0, మొత్తం సభ్యులు 1". ప్రతివాడూ లీడరే, ప్రతి జట్టులోనూ ఒక్కడే! మొత్తం పనిని ఎవరికి వారు మొదటినుంచీ చేసి, ఒకే ఫైలు మీద పడి రాసుకున్నారు. ఇలాంటి సంఘాలు మా ఊళ్ళోనూ ఉన్నాయి గానీ, ఇంత కరెంటు తాగవు.

అది సర్దుకున్నాక, ఏ కోరు ఎంత పనిలో ఉందో చూపే హెచ్‌టాప్‌లో ఎనిమిది గీతలూ నిండా పచ్చగా, వంద శాతం! ఎంత ముచ్చటేసిందో. తర్వాత తెలిసింది, మొదటివాడు ఫైలు చదువుతుంటే తక్కిన ఏడుగురూ కాచుకుని ఉన్నారని. కబురు కోసం చూసే ప్రాసెస్ నిద్రపోదట. "వచ్చిందా, వచ్చిందా" అని అడుగుతూనే ఉంటుందట. అదంతా పని కిందే లెక్క. ఎదురుచూపుకు వంద శాతం హాజరు వేయించుకున్న ఉద్యోగిని ఏ గవర్నమెంటు ఆఫీసులోనూ చూడలేదు.

మామిడి సీజన్‌లో చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి ట్రాక్టర్లు ఎన్ని బారులు తీరినా, కాటా ఒక్కటైతే బండి కదిలేది దాని దయ మీదే. కంప్యూటర్ ఇంజనీరు జీన్ ఆమ్‌డాల్ 1967లోనే ఈ సంగతి లెక్క కట్టేశాడు. పనిలో పదో వంతు ఒక్కరే చేయాల్సిందైతే 8 కోర్లతో వచ్చే వేగం సుమారు 4.7 రెట్లు. లక్ష కోర్లు పెట్టినా పది రెట్లు దాటదు. ఇది మాత్రం డబ్బా మీద అచ్చు వేయలేదేం?

పైగా ఎనిమిది మందికీ ర్యామ్ నుంచి డేటా వచ్చే దారి ఒక్కటే. ఆరుగురితో నడిపినా ఇంచుమించు అదే టైమ్. ఆ ఇద్దరూ ఎందుకొచ్చినట్టు? గిగాహెర్ట్జ్ పెంచితే వేడెక్కిపోతున్నామని 2005 ప్రాంతంలో తమరి వంశం కోర్లు పెంచుకుంటూ పోయింది, పని పంచే తలనొప్పి మాకు అంటగట్టింది.

ఇంతకీ అసలు వాన కురిసి వెలిసినంత సేపట్లో తమరు అందులో సగం కూడా కురిపించలేదు. గైడ్ గారు రోజూ అడుగుతున్నారు. కాస్త చూడండి.

ఇట్లు,
తమ ఏడుగురితో పాటు కాచుకుని ఉన్న ఎనిమిదోవాడు