కోచ్ కంటే ముందు కాన్ఫరెన్స్ కావాలి

మంచి కోచ్ దొరికితే చాలు, ఓడిపోతున్న కాలేజీ ఐస్ హాకీ జట్లు గాడిలో పడతాయని మీ వ్యాసంలో రాశారు. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని హంట్స్‌విల్‌లో ఉంటున్న నాకు ఆ మాట మింగుడు పడలేదు. మా ఊళ్లోని అలబామా యూనివర్సిటీ (హంట్స్‌విల్) జట్టు ఛార్జర్స్ 1996, 1998లో కాలేజీ ఆటల రెండో అంచె అయిన డివిజన్-2లో చాంపియన్. 2019-20లో మాత్రం గెలిచింది 2 మ్యాచులే. 2020 మేలో జట్టును ఎత్తేస్తామంటే అభిమానులు, పాత ఆటగాళ్లు వారంలో 7.5 లక్షల డాలర్లకు పైగా పోగుచేసి నిలబెట్టారు. ఆ వేసవిలోనే కోచ్ మైక్ కార్బెట్ తప్పుకుంటే లాన్స్ వెస్ట్ పగ్గాలు పట్టారు.

కానీ అప్పటికే 7 జట్లు మేం ఆడే కాన్ఫరెన్స్ (కాలేజీ జట్ల లీగ్) డబ్ల్యూసీహెచ్‌ఏ నుంచి బయటికెళ్లి సీసీహెచ్‌ఏ అనే కొత్త కాన్ఫరెన్స్ పెట్టుకుంటున్నాయి. మమ్మల్ని ఏ కాన్ఫరెన్సూ పిలవలేదు. 2021 మేలో ఆట ఆపేశారు. కాన్ఫరెన్స్ లేకపోతే సీజన్ మొత్తానికి ప్రత్యర్థులను ఒక్కొక్కరినీ బతిమాలుకోవాలి, టైటిల్ గెలిచి నేరుగా జాతీయ టోర్నీకి వెళ్లే దారీ ఉండదు. అలాంటి చోటికి ఏ కుర్రాడు వస్తాడు?

ఛార్జర్స్ ఆడిన వాన్ బ్రాన్ సెంటర్‌లో మా అబ్బాయి రింక్ అద్దానికి ముక్కు ఆనించి నిలబడేవాడు. ఊపిరికి అద్దం మసకబారితే స్వెట్టర్ చేత్తో తుడుచుకుని మళ్లీ చూసేవాడు. ఛార్జర్స్ మళ్లీ ఎప్పుడు ఆడతారని ఇప్పటికీ అడుగుతున్నాడు.