ఎల్‌సీ, ఎల్‌పీ, పీబీ గార్లకు ఒక బహిరంగ లేఖ

ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ ప్రోగ్రాం లోపలి గదుల్లో సెట్టింగులుగా కొలువై ఉన్న మహారాజశ్రీ ఎల్‌సీ గారికి, ఎల్‌పీ గారికి, పీబీ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి.

నిన్న మధ్యాహ్నమంతా మీ ముగ్గురి సన్నిధిలో గడిపే భాగ్యం నాకు కలిగింది. పాత తెలుగు పత్రికల వ్యాసాలను యూనికోడ్‌లోకి ఎక్కించి దాచుకున్న పెద్ద మూట ఒకటి నా దగ్గర ఉంది. దానిని ఎక్స్‌జెడ్‌తో కుదించి పంపితే, అందుకున్నవారు ఎంతో మర్యాదగా "ఇంకాస్త తగ్గుతుందేమో చూడండి" అన్నారు. ఆ "ఇంకాస్త" కోసం మాన్యువల్ తెరిచి, మీ పేర్ల పక్కన అంకెలు మార్చి మార్చి, ప్రతి మార్పుకూ మూటను మొదటి నుంచి చివరి దాకా కుదించి, వచ్చిన పరిమాణాలను ఒక కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళకు తేలినదేమిటంటే, తగ్గింది ఒక శాతంలో పిసరంత. కరెంటు బిల్లు ఇంకా రాలేదు.

మీ ఇరుగుపొరుగు వారి ఘనత గురించి రెండు ముక్కలు చెప్పి మీ దగ్గరికి వస్తాను. 0 నుంచి 9 దాకా ఉన్న స్థాయిల్లో అందరికంటే పైన కూర్చున్నది తొమ్మిదో స్థాయి కాబట్టి, కొత్తగా వచ్చినవాళ్లందరూ ముందు ఆయన కాళ్ల మీదే పడతారు. ఆయన ఇదివరకు చదివినదాన్ని గుర్తుంచుకోవడానికి 64 ఎంబీ డిక్షనరీ పరుచుకొని, కుదించే పనికి దాదాపు 674 ఎంబీ ర్యామ్ పుచ్చుకుంటారు. ఫైలు 32 ఎంబీని మించకపోతే ఆ వైభవమంతా దండగేనని మాన్యువల్ చెబుతుంది గాని ఆయన మాత్రం నోరు విప్పరు. ఎంత పొడవు వరుస దొరికితే ఇక వెతకడం చాలించాలో చెప్పే, "నైస్" అనే సౌమ్యమైన పేరు గల మరొక పెద్దమనిషి 2 నుంచి 273 దాకా ఏ అంకెనైనా స్వీకరిస్తారు.  ఎంత లోతుగా వెతకాలో చెప్పే "డెప్త్" గారిని 1000 దాటించదలచినవారు, పని ఎంతకీ తెమలకపోతే మధ్యలో ఆపేయడానికి సిద్ధపడి ఉండాలట. పక్కవీధిలో ఉన్న మరో కుదింపు ప్రోగ్రాం జెడ్‌స్టాండర్డ్ గారింట్లో స్థాయిలు 22 ఉన్నా, 19 దాటి పైకి వెళ్లాలంటే "అల్ట్రా" అని వేరే చెప్పుకొని అనుమతి తీసుకోవాలి. కనీసం ఆ ఇంట్లో గుమ్మం దగ్గరే ఆపుతారు.

ఇక "ఎక్స్‌ట్రీమ్" గారి సంగతి చెప్పకుండా ఉండలేను. ఈయనను తగిలిస్తే ఫైలు మరికాస్త చిన్నదవుతుందని ఆశ పెట్టుకోవచ్చు గాని, అదృష్టం బాగా లేకపోతే పెద్దది కూడా కావచ్చునని మాన్యువల్ నిస్సంకోచంగా ప్రకటిస్తుంది. 1948లో క్లాడ్ షానన్ గారు సమాచారానికి గణితంతో కొలత కట్టి, ఒక మూలం నుంచి వచ్చే సందేశాలను సగటున ఎంతకంటే తక్కువకు కుదించలేమో నిరూపించి పెట్టారు. అటువంటి పునాది మీద లేచిన శాస్త్రంలో నా వంతుకు వచ్చేసరికి అదృష్టం ప్రస్తావన వచ్చింది. రాహుకాలం దాటాక ఎంటర్ నొక్కవలెనన్న సూచన ఒక్కటే తక్కువ.

వీరందరినీ భరించవచ్చు. మీ ముగ్గురి దగ్గరే నాకు చిక్కు. మూడు, సున్నా, రెండు అనే డిఫాల్టు విలువలతో పుట్టి, ముగ్గురూ కలిసి ఒక్క బైటులో ఇమిడిపోయి, ఇంత చిన్న చోటు నుంచి ఇంత పెద్ద మధ్యాహ్నాన్ని మింగగలిగిన మీ సామర్థ్యానికి జోహార్లు.

పీబీ గారూ, మీరు బైట్లు ఎన్నేసి చొప్పున జట్టు కట్టి వస్తున్నాయో ఊహించి పనిచేస్తారు. రెండు పెడితే నాలుగేసి, ఒకటి పెడితే రెండేసి, సున్నా పెడితే దేనికది. మొత్తం మీద ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు తప్ప మీకు వేరే లెక్క లేదు. కాని యూనికోడ్ గుర్తులను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఏదైనా మూడు బైట్లే. "తెలుగు" అన్న మాటలో గుర్తులు ఆరు, బైట్లు పద్దెనిమిది. అదే మాటను ఇంగ్లిషు లిపిలో రాస్తే ఆరుతో సరి. మూడేసి చొప్పున వచ్చే సరుకు ఉన్నవారు మీ స్థానంలో సున్నా పెట్టుకుంటే మేలు కావచ్చునని మాన్యువల్ సలహా. అంటే మూడు ఎక్కం అడిగితే అసలు ఎక్కాలే మానేయమన్నారు. అయినా న్యాయం చెప్పాలంటే, మాటల మధ్య ఖాళీలూ కామాలూ ఒక్కో బైటువి కాబట్టి, మీకు మూడు వచ్చి ఉన్నా మా వరుస ప్రతి మాట చివరా చెదిరిపోతుంది. మిమ్మల్ని క్షమించాను. ఎల్‌పీ గారు సున్నాలో ఉండి ఎవరి జోలికీ రారు కనుక ఆయనతోనూ పేచీ లేదు.

ఎల్‌సీ గారూ, మిమ్మల్ని మాత్రం క్షమించలేను.

లెంపెల్, జివ్ గార్లు 1977లో చూపిన బాటలో, ముందు కనిపించిన వరుస మళ్లీ వస్తే "ఇంత వెనక్కి వెళ్లి ఇన్ని బైట్లు తెచ్చుకో" అని రాసి సరిపెట్టేది ఎక్స్‌జెడ్‌కు ఆధారమైన ఎల్‌జెడ్‌ఎంఏ కుదింపు పద్ధతిలో ఒక భాగం. అలా దొరకని ఒంటరి బైటు వచ్చినప్పుడు అది ఏదై ఉంటుందో ముందుగా అంచనా వేయడం మరొక భాగం. ఆ అంచనాకు సాయం చేయవలసినవారు మీరు. అంతకు ముందరి బైటులోని పై బిట్లు చూసి, తరువాత వచ్చేవాడు ఎవరో పసిగట్టడం మీ ఉద్యోగం. డిఫాల్టుగా పై మూడు బిట్లు చూస్తారు.

మా బైట్లు ఎలా ఉంటాయో ఎప్పుడైనా చూశారా? పదహారు అంకెల లెక్కలో (హెక్సాడెసిమల్) రాస్తే, ప్రతి తెలుగు గుర్తుకూ మొదటి బైటు ఈ0. రెండోది బీ0 లేదా బీ1. అచ్చులు, హల్లులు, సున్న, దీర్ఘం, గుడి దాదాపు అన్నీ బీ0 వైపు. గుడిదీర్ఘం మొదలుకొని కొమ్ములు, ఎత్వాలు, ఒత్వాలు, పొల్లు అన్నీ బీ1 వైపు. ఇరవై నాలుగు బిట్ల గుర్తులో అది ఏ గుర్తో తేల్చేవి ఏడు బిట్లు మాత్రమే. రెండో బైటు ఏమిటో తెలిస్తే, మూడోది హల్లును తెస్తుందా, కొమ్మును తెస్తుందా అన్నది చాలావరకు తెలిసిపోతుంది. కుదింపు పనిలో ఇంతకంటే తేలికైన ఆచూకీ ఎవరైనా ఇస్తారా?

కాని ఆ తేడా ఉన్నది బైటు చిట్టచివరి బిట్టులో. మీరు చూసేది పై నుంచి. బీ0, బీ1 రెండింటికీ పై మూడు బిట్లు 101. మిమ్మల్ని నాలుగుకు పెంచితే రెండింటికీ 1011. పెళ్లిచూపులకు వచ్చి ఇంటిపేరు మాత్రం అడిగి, అమ్మాయి పేరు తెలుసుకోకుండానే కాఫీ తాగి వెళ్లిపోయే పెద్దమనిషిలా ఉంది మీ వరుస. అంతటితో ఆగలేదు. ర, ల, వ, శ, ష, స, హ అనే హల్లులకూ, దీర్ఘానికీ, గుడికీ మూడో బైటు కూడా బీతోనే మొదలవుతుంది. కాబట్టి నాలుగు బిట్లు చూసి కూడా, ఇప్పుడు దాటి వచ్చినది గుర్తుకు నడుమ బైటా, చివరి బైటా అన్నది మీకు తెలియదు. ఈ గుర్తులు లేకుండా తెలుగు వాక్యం ఒక్కటి రాసి చూపించండి.

అసలు ఎల్‌జెడ్‌ఎంఏలో మీకు ఎనిమిది దాకా ఎదిగే హక్కు ఉంది. ఎనిమిదికి చేరితే బైటు మొత్తం కనబడేది, మా బీ0, బీ1 అన్నదమ్ములను విడివిడిగా గుర్తుపట్టేవారు. ఎక్స్‌జెడ్ ఇంట్లో మాత్రం మీరూ ఎల్‌పీ గారూ కలిసి నాలుగు దాటరాదని కట్టడి. సరే, ఇంటి పద్ధతులు వారివి. అప్పుడు ఆ నాలుగు లోపల నేను ఏం చేయాలి? మాన్యువల్ చెప్పినది ఇది: నాలుగు పెట్టి చూడండి; ఒక్కోసారి కొంచెం లాభం, ఒక్కోసారి నష్టం; నష్టమైతే రెండు కూడా పెట్టి చూడండి.

చూడండి, చూడండి, చూడండి! ఎల్‌సీ, ఎల్‌పీల జోడీలు పదిహేను, ఒక్కొక్కదానికి పీబీ విలువలు ఐదు, మొత్తం డెబ్బై ఐదు. దానికి నైస్ గారి అంకెలు కలిపితే ఇరవై వేలు దాటుతుంది. ఇవన్నీ చూడవలసినది ఎవరు? ఇంతసేపూ గారూ గారూ అని పిలిచాను, ఇక నా వల్ల కాదు. ఫైలు నీ చేతిలో ఉంది. ప్రతి బైటునూ చదివేది నువ్వు. ఏ బైటు తరువాత ఏ బైటు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలు కట్టేది నువ్వు. నాకు కనబడేది వ్యాసం, నీకు కనబడేవి బిట్లు; ఆ బిట్ల సంగతి నన్ను అడుగుతావా? పైగా ఎక్స్‌జెడ్ వాడే ఎల్‌జెడ్‌ఎంఏ2 ఆకృతిలో ఫైలు మధ్యలో కూడా మిమ్మల్ని ముగ్గురినీ మార్చుకొనే వీలు ఉంది. ఆ వీలు ఉండగా మొదటి ముక్క మీద నువ్వే నాలుగు రకాలు ప్రయత్నించి, నెగ్గినదాన్ని పెట్టుకొని ముందుకు సాగరాదా? అందుకు ర్యామ్ కావాలంటే తీసుకో, తొమ్మిదో స్థాయి వాడు అడగకుండానే తీసుకుంటున్నాడు. టైము కావాలంటే అదీ తీసుకో. నేను కాగితం మీద పరిమాణాలు రాసుకుంటూ కూర్చున్నది నీ టైము కాదుగా!

ఆ మాన్యువల్ రాసినవారి మీద మాత్రం నాకు కోపం లేదు. ఒక సెట్టింగు గురించి రాస్తూ "దీనివల్ల నష్టం కూడా కలగవచ్చు" అని ఒప్పుకునేవారు ఏ రంగంలోనూ ఎక్కువమంది కనబడరు. ఆరో స్థాయి చాలామందికి సరిపోతుందన్న విషయమూ అందులోనే ఉంది. మరొకటి కూడా చెప్పక తప్పదు. రాత్రి ఆ మూటను విప్పి అసలుతో బైటుకు బైటు పోల్చి చూస్తే, ఎక్కడా ఒక్క పొల్లు రాలలేదు, ఒక్క అరసున్న జారలేదు. ఇదే పాఠాలను ఇదివరకు ఫాంట్లు మార్చి, ఒక పద్ధతి నుంచి మరో పద్ధతికి ఎక్కించినప్పుడు ఎన్ని వత్తులు గల్లంతయ్యాయో నాకు తెలుసు. ఆ విషయంలో మీ ముగ్గురూ, మీ ఇంటివారూ ఋజువర్తనులు.

అందుచేత మీతో వ్యవహారం తెంచుకోవడం లేదు. పీబీని సున్నాలో స్థిరపరిచాను, ఎల్‌పీని కదిలించను. ఎల్‌సీ, నిన్ను మూడు దగ్గరే వదిలేద్దామని గట్టిగా అనుకున్నాను గాని, నాటకాల మూట ఒకటి ఇంకా మిగిలి ఉంది. వాటిలో సంభాషణలు ఎక్కువ, ఖాళీలు ఎక్కువ, వరుసలు చిన్నవి. దాని మీద నాలుగు ఒకసారి, రెండు ఒకసారి పెట్టి చూడాలి.

ఇట్లు,
ఆదివారం కూడా మీకే కేటాయించిన ఒక వాడుకరి