పర్లాకిమిడికి పీచు ముప్పు

ఒడిశాలోని పర్లాకిమిడి తెలుగువాళ్ళం రెండు తరాలు కష్టపడి సాధించుకున్న నాగరికతకు డాక్టర్ల వల్ల ముప్పు వచ్చిపడింది. పీచు తినమంటున్నారు.

తాతలు చోళ్ళ (రాగుల) అంబలి తాగారు, దంపుడు బియ్యం తిన్నారు. తర్వాత రైసుమిల్లు వచ్చి న్యాయంగా పంపకం చేసింది: తవుడు గేదెకి, తెల్లన్నం మనిషికి. వంద గ్రాముల తెల్ల బియ్యంలో పీచు మూడు గ్రాములకు మించదు. అదే చోళ్ళలో దాదాపు 11 గ్రాములు. అందుకే వాటిని గడప దాటి రానివ్వడం మానేశాం. రెండు వేల కేలరీలు తినేవాడికి రోజుకి 30 గ్రాముల పీచు ఉండాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. ఇంటికొచ్చిన వియ్యంకుడికి అంబలి పోస్తే సంబంధం ఏమవుతుందో ఆ సంస్థ చెప్పదు.

స్కానింగుకి వెళ్ళినవాళ్ళు ‘ఫ్యాటీ లివర్, గ్రేడ్ వన్’ అని, అంటే కాలేయానికి కొవ్వు పట్టిందని, రాయించుకొస్తున్నారు. బళ్ళో ఏ గ్రేడూ రానివాళ్ళకి కూడా వస్తోంది. మందు చుక్క ముట్టనివాళ్ళూ మినహాయింపు కాదు. నడుము చుట్టుకొలత మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటకూడదని మన దేశపు లెక్క. మా టైలర్లు టేపు చదవడం మొదలుపెట్టేదే అక్కణ్ణుంచి.

దీనికి పీచు తినమనే డాక్టర్ల వాదన వినండి. పీచు మనకు అరగదట. అరగనిదాన్ని తినమనడం ఏం వైద్యమో! అది పెద్దపేగు దాకా పోయి అక్కడి బాక్టీరియాకి మేత అవుతుందట. అంటే అద్దె కట్టనివాళ్ళకి భోజనం కూడా మనమే పెట్టాలి. అవి తిని, బదులుగా ఎసిటేట్, ప్రొపియొనేట్, బ్యుటిరేట్ అనే ఆమ్లాలు తయారుచేస్తాయి. వాటివల్ల పేగు గోడ గట్టిగా ఉంటుంది, కడుపు నిండిందని కబురు పంపే హార్మోన్లు విడుదలవుతాయి. (పెళ్ళి బంతిలో రెండో వడ్డన రాకముందే ఇలాంటి కబురు ఎవరిక్కావాలి?) పేగుల నుంచి వచ్చే రక్తం పోర్టల్ సిరలో ముందుగా కాలేయానికే చేరుతుంది. పేగు గోడ వదులైతే బాక్టీరియా తాలూకు చెత్త కూడా దాని నెత్తినే పడుతుంది, వాపు మొదలవుతుంది. జిగురుగా ఉండే పీచైతే భోజనం తర్వాత రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగనివ్వదు, పైత్యరసాన్ని వెంటబెట్టుకుపోయి కొలెస్ట్రాల్ని కూడా ఖర్చు పెట్టిస్తుంది. ఇంత పని చేసేది గేదెకి వేసే తవుడులో ఉందంటే నమ్మడానికి పరువు అడ్డొస్తోంది.

పోనీ, పీచు పొడి డబ్బా ఒకటి కొని బిర్యానీలో కలుపుకుందామంటే అదీ చెల్లదట. ఒంటి బరువులో 7 నుంచి 10 శాతం తగ్గాలట, కూల్ డ్రింకులు మానాలట. ఒకటిచ్చి మూడడగడం!

మేం ప్రభుత్వానికి వ్యతిరేకులం కాం. ఒడిశాలో 2017లో మొదలైన మిల్లెట్స్ మిషన్ ఇప్పుడు శ్రీ అన్న అభియాన్ పేరుతో నడుస్తోంది, నవంబరు 10న మాండియా (ఒడియాలో చోళ్ళు) దివస్ కూడా చేస్తున్నారు. మేమూ భక్తిగా మాండియా కేకు తిని ఫొటో దిగాం. అందులో మైదా, చక్కెర, డాల్డా పుష్కలంగా ఉన్నాయి. చోళ్ళు రంగు కోసం వేశారు. కొండమీంచి సవర గిరిజనులు సంతకి తెచ్చిన చోళ్ళని మాత్రం ‘పశువులకా అమ్మా?’ అని అడిగి బేరమాడతాం.

అయినా పట్టుదలకు పోకుండా రాజీకి సిద్ధం. ఇకపై మా పెళ్ళిళ్ళలో అంబలి ఉంటుంది. వెల్‌కమ్ డ్రింకుగా, మందు గ్లాసంత గ్లాసులో, అడుగున బెల్లం పాకం, పైన ఐస్‌క్రీము. గేదెలకు భోజనాల దగ్గర ప్రవేశం లేదు, తమ వాటా అడుగుతాయేమోనని.