సవరణ: 'వాకర్' అంటే నడిచేవాడు కాదు

ఇంగ్లిష్ ఇంటిపేరు 'వాకర్' ఊరూరా నడిచి కబుర్లు మోసేవాళ్ల నుంచి వచ్చిందని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. ఇంటిపేర్ల నిఘంటువులు చెప్పేది వేరు: ఉన్నిబట్ట తొక్కేవాళ్ల వృత్తిపేరది.

మగ్గం దిగిన ఉన్నిబట్టకు గొర్రె జిడ్డు పట్టి ఉంటుంది, నేత కూడా వదులే. తొట్టిలో వేసి, నిల్వబెట్టిన మూత్రమో, జిడ్డు పీల్చే బంకమన్నో కలిపిన నీళ్లు పోసి గంటల తరబడి కాళ్లతో తొక్కేవారు. మూత్రంలోని అమోనియా జిడ్డును వదిలిస్తుంది. తొక్కుడుకి పోగులు పెనవేసుకుని బట్ట కుంచించుకుపోతుంది, దళసరి అవుతుంది. ఆ తర్వాత చట్రానికి కొక్కేలతో బిగలాగి ఆరబెట్టాలి, లేదంటే వెడల్పు ఎగుడుదిగుడవుతుంది. ఇంగ్లండులో 12వ శతాబ్దం చివరినుంచి నీటిచక్రంతో ఆడే చెక్క సుత్తులు ఈ పనిలోకి దిగాయి. పేరు మాత్రం పోలేదు.

ఇదే పనివాణ్ణి ఆగ్నేయ ఇంగ్లండులో ఫుల్లర్ అనీ, నైరుతిలో టక్కర్ అనీ పిలిచేవారు. మూడు ఇంటిపేర్లు, తాతల ఒంటివాసన ఒకటే! వాకర్ ప్రధానంగా ఉత్తరాది మాట. అక్కడి యార్క్‌షైర్ ప్రాంతంలో ఆ పేరువాళ్లు ఇప్పటికీ ఎక్కువే. స్కాట్లండులో కొన్ని గేలిక్ కుటుంబాలు, తమ భాషలో ఇదే అర్థమున్న ఇంటిపేరును వాకర్‌గా మార్చుకున్నాయి. కాబట్టి వాకర్లందరిదీ ఒకే వంశం అనుకోకండి.